ఆరు వెదురు బద్దల గాలపు కర్ర

వెదురు బొంగును చీల్చి, ఒక్కో బద్దను మూడు పలకలుగా చిత్రిక పట్టి, అలాంటి ఆరింటిని జిగురుతో అతికిస్తే చీలిక వెదురు గాలపు కర్ర తయారవుతుంది. ఒక్కో బద్ద మూల 60 డిగ్రీలు కాబట్టి ఆరూ కలిసేసరికి మధ్యలో సందు లేని షట్కోణం ఏర్పడుతుంది. 19వ శతాబ్దం మధ్యలో అమెరికాలో స్థిరపడిన ఈ పనితనం చాలాకాలం కొన్ని కుటుంబాల, కొన్ని కార్ఖానాల గుట్టుగానే ఉండిపోయింది. అది అందరి చేతుల్లోకి వచ్చేనాటికి బజారులో వెదురు కర్ర అడిగేవారే తగ్గిపోయారు.

గాలపు కర్రను సొంతంగా చేసుకోవడం అంతకు ఎంతో ముందునుంచీ ఉంది. 1496లో ఇంగ్లండులో వింకిన్ ద వర్డ్ అచ్చువేసిన చేపల వేట గ్రంథం ఆ పద్ధతిని వివరంగా చెప్పింది. చలికాలంలో చేయి లావున్న హేజెల్ లేదా విల్లో కొమ్మ కొట్టాలి, పొయ్యిలో కాచి వంకర తీయాలి, ఒక నెల ఆరబెట్టాలి, కాల్చిన ఇనుప కడ్డీతో లోపల తొలచాలి. తర్వాతి శతాబ్దాల్లో హికరీ, లాన్స్‌వుడ్, గయానా నుంచి వచ్చే గ్రీన్‌హార్ట్ వాడారు. ఇవి గట్టి కలపలే గాని బరువైనవి. ఎరగా వాడే, ఈకలు, దారంతో కట్టిన పురుగు బొమ్మకు బరువే ఉండదు. దాన్ని నీటి మీదికి విసరాలంటే కర్ర వంగి, వెంటనే నిటారై, బరువైన దారాన్ని ముందుకు తోయాలి. బరువైన కర్ర ఆ పనిలో మందగిస్తుంది. తేలికగా ఉంటూనే వంగి లేచే గుణం వెదురులో దొరికింది.

పెన్సిల్వేనియా రాష్ట్రం ఈస్టన్ పట్టణంలో తుపాకులు, వయొలిన్లు చేసే శామ్యూల్ ఫిలిప్పీ 1840ల మధ్యలో వెదురు బద్దలు అతికించి కర్రలు చేశాడు. అంతకుముందే ఇంగ్లండులో కర్ర కొసలకు చీల్చిన వెదురు వాడేవారు. కర్ర అంతా వెదురుతోనే చేసే దారి వేసిన ఘనతను మాత్రం సాధారణంగా ఫిలిప్పీకే ఇస్తారు. అప్పట్లో వాడిన వెదురు మన దేశంలోదే. కలకత్తా రేవునుంచి ఓడల్లో వెళ్లడం వల్ల దానికి అక్కడ ఆ ఊరి పేరే స్థిరపడింది. లాఠీలకు పనికొచ్చే గట్టి వెదురు అది. తెలుగు నాట సాధన వెదురు అనేది ఆ జాతే, తూర్పు కనుమల్లోనూ పెరుగుతుంది.

ఈ పనిని వ్యాపారంగా నిలబెట్టినవాడు మెయిన్ రాష్ట్రంలోని బాంగర్‌కు చెందిన హైరమ్ లెనర్డ్. 1870లలో అతను బద్దల అంచులు కోసే యంత్రం తయారుచేసి, బయటివారి కంటపడకుండా దాచాడు. 1881లో కార్ఖానాను న్యూయార్క్ రాష్ట్రంలోని సెంట్రల్ వ్యాలీకి తరలించాడు. అతని దగ్గర పని నేర్చిన ఫ్రెడ్ థామస్, యూస్టిస్ ఎడ్వర్డ్స్, ఎడ్వర్డ్ పేన్ బయటికి వచ్చి సొంత కర్రలు చేయడంతో ఆ విద్య పాకింది. ఇంగ్లండులో ఆల్న్‌విక్‌కు చెందిన హార్డీ సోదరులు ఇదే పనిలో పేరు తెచ్చుకున్నారు.

20వ శతాబ్దం మొదట్లో దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ వెదురు భారతీయ వెదురు స్థానంలోకి వచ్చింది. దాని కణుపులు పెద్దగా ఉబ్బవు, పైపొర కింద నారలు దట్టంగా ఉంటాయి. 1931లో ఫ్లాయిడ్ మెక్‌క్లూర్ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. కర్ర బలమంతా ఆ నారల్లోనే ఉంది కాబట్టి పనివాడు పైపొరను పలచగా గీరి వదిలేస్తాడు. నారలు తెగాయంటే ఆ బద్ద ఇక పనికిరాదు.

అసలు నైపుణ్యమంతా చిత్రిక దగ్గరే కనిపిస్తుంది. కణుపులను కాచి, నొక్కి సరిచేశాక బద్దను ఉక్కు అచ్చులోని గాడిలో పరుస్తారు. అచ్చుకు అయిదు అంగుళాలకొకటి చొప్పున మరలు ఉంటాయి. వాటిని తిప్పితే గాడి లోతు మారుతుంది. ఆ లోతు ఎక్కడ ఎంత ఉంటే కర్ర అక్కడ అంత లావుగా ఉంటుంది, లావు పెరిగేకొద్దీ వంగడం తగ్గుతుంది. పిడి వైపు మందంగా ఉండే బద్ద కొస దగ్గరికి వచ్చేసరికి మిల్లీమీటరుకు లోపే. అంగుళంలో వెయ్యో వంతు తేడా వచ్చినా పనివాడు ఒప్పుకోడు. ఆరు బద్దల కణుపులు ఒకేచోట పడకుండా ఎడం చేస్తారు, లేకపోతే కర్రకు అక్కడే బలహీనత వస్తుంది. తర్వాత జిగురు పూసి, దారంతో బిగించి చుట్టి ఆరనిస్తారు. జర్మన్ సిల్వర్ గొట్టాల కీళ్లు, బెండు పిడి, పట్టుదారంతో కట్టిన వలయాలు, పైన వార్నిష్ ఆ తర్వాతి పనులు.

1950లో అమెరికా చైనాతో వాణిజ్యం ఆపేసింది. వెదురు రాక నిలిచిపోయింది. అప్పటికే బజారులోకి వచ్చిన ఫైబర్‌గ్లాస్ కర్రలు చవకగా దొరికేవి, వర్షానికి పాడయ్యేవి కావు. చాలా కార్ఖానాలు మూతపడ్డాయి. 1971లో నిషేధం తొలగేనాటికి నిల్వ వెదురుతో పనిచేసే కొద్దిమంది నిపుణులే మిగిలారు. 1973లో ఫెన్విక్ సంస్థ కార్బన్ నారల కర్ర తెచ్చింది. అదింకా తేలిక.

అలాంటి కాలంలో 1977లో ఎవరెట్ గారిసన్, హోగీ కార్మైకేల్ రాసిన పుస్తకం వెలువడింది. ఇంజినీరైన గారిసన్ వంగిన కర్రలో ఏ చోట ఎంత ఒత్తిడి పడుతుందో లెక్కగట్టి లావు నిర్ణయించేవాడు. పుస్తకం వచ్చేసరికి అతను లేడు. లెక్కలు, అచ్చు కొలతలు, ప్రతి దశ పనీ అందులో దాచకుండా చెప్పి ఉన్నాయి. దాన్ని ముందు పెట్టుకుని ఎందరో ఇళ్లలోనే కర్రలు చేయడం మొదలుపెట్టారు. ఈ పనితనం బతికిందంటే ఎక్కువ ఘనత ఆ పుస్తకానిదే.

ఇప్పుడు సొంతంగా కర్ర చేసుకునేవారిలో ఎక్కువమంది ఫ్యాక్టరీలో తయారైన కార్బన్ గొట్టం కొని పిడి అమర్చుకుంటారు, కర్ర వంగే తీరు చూసి వలయాలు ఎక్కడ రావాలో నిర్ణయించి దారం చుట్టి ఎపాక్సీ పూస్తారు. వెదురుతో చేసేవారికి ముడిసరుకు నేటికీ గ్వాంగ్‌డాంగ్ నుంచే వస్తోంది.