భర్తల గుండెలు, భార్యల గరిటెలు

1964లో అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరంలో ఒక పెద్ద సభ జరిగింది. ఏర్పాటు చేసింది అమెరికన్ హార్ట్ అసోసియేషన్. వచ్చినవాళ్ళు దాదాపు పదివేల మంది, అందరూ ఆడవాళ్ళే. గుండెజబ్బుల మీద ఆడవాళ్ళ కోసం ఆ సంస్థ పెట్టిన మొదటి సభ అది. పదివేల మంది ఆడవాళ్ళు పనులు మానుకుని వచ్చారంటే, వాళ్ళ గుండెల గురించే ఏదో చెప్పి ఉంటారనుకుంటాం కదా! అబ్బే, అదేం లేదు. ఆ సభ పేరు 'హార్ట్స్ అండ్ హజ్బెండ్స్'. అంటే, గుండెలూ భర్తలూ. మీ ఆయనకి గుండెపోటు రాకుండా ఎలా కాచుకోవాలి, ఏం వండిపెట్టాలి – ఇదీ అక్కడి పాఠం. వింటున్న ఆ పదివేల మందికీ తలా ఒక గుండె ఉందన్న సంగతి ఎవరికీ తట్టినట్టు లేదు.

నెయ్యి మంచిదా చెడ్డదా, ఏ నూనె వాడాలి, అన్నం తగ్గించాలా మానెయ్యాలా – ఈ గొడవ లేని ఇల్లు ఇవాళ లేదు. పదేళ్ళకోసారి తీర్పు మారిపోతుంది. మారినప్పుడల్లా వంటింటి అలమార సర్దుకోవలసింది మనమే. ఈ తీర్పుల చరిత్ర తిరగేస్తూంటే నాకు ఆ సభే పదే పదే గుర్తొస్తుంది. చరిత్రంతా ఆ ఒక్క పేరులోనే ఉంది మరి. గుండె మగవాడిది, గరిటె ఆడదానిది!

కథ 1955లో మొదలుపెడదాం. అప్పటి అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ డెన్వర్‌లో సెలవులు గడుపుతున్నాడు. పగలంతా గోల్ఫ్ ఆడాడు. మధ్యాహ్నం పచ్చి ఉల్లిపాయ ముక్కలు పెట్టిన హాంబర్గర్ తిన్నాడు. సెప్టెంబరు 24 తెల్లవారుజామున రెండు గంటల వేళ గుండెల్లో నొప్పి అన్నాడు. భార్య మామీ, అజీర్తి కాబోలనుకుని మిల్క్ ఆఫ్ మెగ్నీషియా పట్టించింది. ఆ స్థానంలో మనమున్నా వాముపొడి కలిపిచ్చేవాళ్ళం! తీరా చూస్తే అది గుండెపోటు. తరువాతి సోమవారం షేర్ మార్కెట్ కుప్పకూలింది. పాల్ డడ్లీ వైట్ అనే గుండెజబ్బుల నిపుణుడు పత్రికలవాళ్ళని కూర్చోబెట్టి, గుండెపోటంటే ఏమిటో పాఠం చెప్పినట్టు చెప్పాడు. అధ్యక్షుడంతటివాడికే వచ్చిందంటే మన ఇంటాయన మాటేమిటని దేశమంతా దిగులుపడింది.

దిగులుపడ్డవాళ్ళకి కారణం కావాలి. కారణం పట్టుకొచ్చినవాడు మిన్నెసోటా విశ్వవిద్యాలయంలోని ఆన్సెల్ కీస్. ఆహారంలోని సాచ్యురేటెడ్ కొవ్వు, అంటే వెన్న, నెయ్యి, మాంసం కొవ్వులాంటి గడ్డకట్టే కొవ్వు, రక్తంలో కొలెస్ట్రాల్‌ని పెంచుతుందనీ, అది రక్తనాళాల్లో పూడికవుతుందనీ ఆయన వాదం. ఆయన భార్య మార్గరెట్ కూడా శాస్త్రజ్ఞురాలే. 1952లో ఇద్దరూ ఇటలీలోని నేపుల్స్ వెళ్ళినప్పుడు అక్కడివాళ్ళ రక్తంలో కొలెస్ట్రాల్ కొలిచింది ఆవిడే. 1959లో ఇద్దరూ కలిసి వంటలతో సహా ఆరోగ్యం మీద పుస్తకం రాశారు. 1961 జనవరిలో 'టైమ్' పత్రిక అట్టమీద మాత్రం ఆయన బొమ్మ ఒక్కటే పడింది. సరే, అది కొత్తేం కాదు.

1958లో కీస్ ఏడు దేశాల్లో పెద్ద అధ్యయనం మొదలుపెట్టాడు. అమెరికా, ఫిన్లండ్, నెదర్లండ్స్, ఇటలీ, గ్రీసు, యుగొస్లావియా, జపాన్. 12,763 మందిని ఏళ్ళ తరబడి గమనించారు. నలభైకీ యాభైతొమ్మిదికీ మధ్య వయసువాళ్ళు. అందరూ మగవాళ్ళే! ఫిన్లండ్ తూర్పుభాగంలో వెన్న, పాలు పుష్కలంగా తినేవాళ్ళు గుండెపోటుతో రాలిపోతున్నారు. గ్రీసు దేశపు క్రీట్ దీవిలో ఆ జబ్బు చాలా అరుదు. ఇక్కడో విశేషం ఉంది. క్రీట్ వాళ్ళేమీ కొవ్వు తక్కువ తినేవాళ్ళు కారు. వాళ్ళ తిండి శక్తిలో దాదాపు నలభై శాతం కొవ్వే. కాకపోతే అది ఆలివ్ నూనె. అంటే తగువు 'ఎంత కొవ్వు' అన్నదాని మీద కాదు, 'ఏ కొవ్వు' అన్నదాని మీద. ఈ సూక్ష్మం శాస్త్రజ్ఞుల కాయితాల్లో ఉంది గానీ, బజారుకి వచ్చేసరికి చెరిగిపోయింది. బజారుకి అర్థమైనది ఒక్కటే: వెన్న తీసెయ్.

తీసేస్తే ఆ చోటు ఖాళీగా ఉంటుందా? ఉండదు. రొట్టెమీద ఏదో ఒకటి రాయాలి కదా! ఆ చోటులోకి మార్జరిన్ వచ్చి కూర్చుంది. కాచిన గింజల నూనెలో నికెల్ పొడి వేసి, హైడ్రొజన్ వాయువు పంపిస్తే నూనె గడ్డకడుతుంది. చూపుకి వెన్న, పుట్టుక గింజల నూనె. 'గుండెకి మంచిది' అని చెప్పి అమ్మారు. పోర్ట్‌లండ్ సభలాంటివి విన్న ఇల్లాళ్ళు భర్తలమీది ప్రేమకొద్దీ కొన్నారు.

మన దేశంలో ఆ పదార్థానికి అక్కచెల్లెలు డాల్డా. 1937లోనే వచ్చింది. ఇక్కడది ఆరోగ్యం పేరున రాలేదు, చవక పేరున వచ్చింది. నెయ్యి కొనలేని ఇంట పండక్కి బూరెలు వేగాలంటే అదే దిక్కు. పసుపుపచ్చ డబ్బామీద ఆకుపచ్చ చెట్టు గుర్తుందా? మా అమ్మమ్మ ఖాళీ డబ్బాలో మరువం పెంచేది. మరువం మొక్క ఏపుగానే పెరిగింది. ఆ డబ్బాలోంచి అంతకుముందు మన కంచాల్లోకి వచ్చిందేమిటో తెలియడానికే చాలా ఏళ్ళు పట్టింది.

ఎలా తెలిసింది? ఇదే నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చిన ఘట్టం. 1976లో అమెరికాలో 1,21,700 మంది నర్సులతో ఒక అధ్యయనం మొదలైంది. మొదట అది గర్భనిరోధక మాత్రల సంగతి తేల్చడానికి. నర్సులైతే వైద్యానికి సంబంధించిన ప్రశ్నలకి తడుముకోకుండా జవాబు రాస్తారని వాళ్ళని ఎంచుకున్నారు. 1980 నుంచి 'ఏం తింటున్నారు?' అని కూడా అడగడం మొదలుపెట్టారు. వార్డుల్లో డ్యూటీలు చేసి, ఇంట్లో వంటలు చేసి, ఆ ప్రశ్నపత్రాలు ఓపిగ్గా నింపి పంపారు ఆ తల్లులు. 1993లో 85,095 మంది జవాబులు ఎనిమిదేళ్ళ జబ్బుల లెక్కతో పోల్చి చూశారు. ట్రాన్స్ కొవ్వు, అంటే నూనెని అరకొరగా గడ్డకట్టించేటప్పుడు పుట్టే కొవ్వు, అందరికంటే ఎక్కువగా తిన్నవాళ్ళకి, తక్కువగా తిన్నవాళ్ళకంటే గుండెజబ్బు ముప్పు యాభై శాతం ఎక్కువని తేలింది. అంతకు మూడేళ్ళ ముందే నెదర్లండ్స్‌లో చేసిన ప్రయోగం, ఆ కొవ్వు చెడు కొలెస్ట్రాల్‌ని పెంచి మంచి కొలెస్ట్రాల్‌ని తగ్గిస్తుందని చూపించింది. వెన్నకి బదులుగా వచ్చిన పెద్దమనిషి వెన్నకంటే అన్యాయమన్నమాట!

మగవాళ్ళ గుండెలు లెక్కపెట్టినంతకాలం బయటపడని గుట్టు, ఆడవాళ్ళని అడిగేసరికి బయటపడింది. అయినా తీర్పు అమలుకావడానికి ఎంత కాలం పట్టిందో చూడండి. ఆ రకం గట్టినూనెలు క్షేమమైనవి కావని అమెరికా ప్రభుత్వం తేల్చిచెప్పింది 2015లో. మన దేశంలో నూనెలు, వనస్పతుల్లో ట్రాన్స్ కొవ్వు రెండు శాతం మించకూడదన్న నిబంధన అమలుకి వచ్చింది 2022 జనవరిలో. డాల్డా పుట్టిన ఎనభై అయిదేళ్ళకి!

ఇక రెండో బదిలీ కథ. 1980 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వం కొవ్వు తగ్గించమని జనానికి సలహా ఇచ్చింది. 1990లు వచ్చేసరికి 'కొవ్వు లేని' బిస్కట్లు, కేకులు దుకాణాలు నిండాయి. కొవ్వు తీస్తే రుచి పోతుంది, రుచి కోసం పంచదార, మైదా పడతాయి. ఈసారి కూడా సంగతి తేల్చింది ఆడవాళ్ళే. బెర్నడీన్ హీలీ అనే గుండెజబ్బుల నిపుణురాలు 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకి మొదటి మహిళా అధిపతి అయింది. వస్తూనే ఆడవాళ్ళ ఆరోగ్యం మీద బ్రహ్మాండమైన అధ్యయనం తలపెట్టింది. అందులో భాగంగా, యాభై దాటిన 48,835 మందిలో కొందరి చేత మొత్తం కొవ్వు తగ్గించి, కూరలు, పళ్ళు, ధాన్యాలు ఎక్కువ తినిపించారు. సుమారు ఎనిమిదేళ్ళ తరువాత, 2006లో ఫలితం వచ్చింది. గుండెజబ్బులు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. మంచి చెడ్డ చూడకుండా కొవ్వులన్నిటినీ ఒకే గాటన కట్టి తగ్గిస్తే లాభం లేదని దానర్థం.

అయితే కీస్ చెప్పిందంతా తప్పేనా? తొందరపడకండి. ఫిన్లండ్ తూర్పుభాగమైన ఉత్తర కరేలియాలో 1972లో ఒక ఉద్యమం మొదలైంది. అక్కడ మార్తా సంఘం అని గృహిణుల సంఘం ఉంది. ఆ ఇల్లాళ్ళు ఊరూరా విందులు పెట్టి, వెన్న తగ్గించి, కూరగాయలు పెంచి వండడం చేసి చూపించారు. వెన్న ఉన్నచోటికి క్రమంగా రేప్‌సీడ్ నూనె వచ్చింది. అది మన ఆవనూనెకి దగ్గర చుట్టం. దానికి తోడు పొగ మానిపించారు, రక్తపోటుకి మందులిప్పించారు. నలభై ఏళ్ళలో అక్కడ పని వయసు మగవాళ్ళలో గుండెజబ్బు మరణాలు ఎనభై శాతానికి పైగా తగ్గాయి. అక్కడ తీసింది వెన్నే. ఇక్కడ తీసిందీ వెన్నే. తేడా అల్లా, తీసినచోట ఏం పెట్టారన్నది.

ఇక అన్నం మీద పడ్డ నింద. పిండిపదార్థాలు మానెయ్యమనడం కొత్త సంగతేం కాదు. లండన్‌లో రాజవంశీకుల అంత్యక్రియలు ఏర్పాటు చేసిన విలియం బాంటింగ్, డాక్టరు సలహాతో రొట్టె, పంచదార, బంగాళాదుంప మాని బరువు తగ్గి, 1863లో తన అనుభవం అచ్చువేయించాడు. 1972లో అమెరికాలో డాక్టర్ అట్కిన్స్ పుస్తకం అదే దారిలో వచ్చింది. మన తెలుగునాట 2017, 18 ప్రాంతాల్లో వచ్చిన అల మీకందరికీ గుర్తే. కొబ్బరినూనె గిన్నెలతో తాగడం, అన్నం పేరెత్తితే ఉలిక్కిపడడం! సరిగ్గా 2018లోనే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవాళ్ళ ప్రయోగం ఒకటి అచ్చయింది. వాళ్ళు 609 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టు చేత కొవ్వు, ఇంకో జట్టు చేత పిండిపదార్థాలు ఏడాదిపాటు తగ్గింపించారు. కొవ్వు తగ్గించినవాళ్ళు సగటున 5.3 కిలోలు, పిండి తగ్గించినవాళ్ళు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు జట్లకీ ఉమ్మడిగా చెప్పింది మాత్రం ఒకటుంది: పంచదార, మైదా తగ్గించండి, కూరలు పెంచండి, వీలైనంత ఇంట్లోనే వండుకోండి.

అలాగని అన్నం మీది ఫిర్యాదు వట్టిదే అనడానికీ లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సలహా చూడండి. మనవాళ్ళకి ఒంటికి అందే శక్తిలో సగం నుంచి డెబ్బై శాతం వరకూ ధాన్యాల నుంచే వస్తోందట. అది 45 శాతం మించకూడదంది. మరి ఆ తగ్గించిన చోట ఏం పెట్టాలి? పప్పు, కూరలు, పళ్ళు, పాలు, గింజలు. నేతి గిన్నె పెట్టమనలేదు, బిస్కట్ పొట్లం విప్పమనలేదు. మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు. ఎవరైనా వచ్చి 'ఫలానాది మానెయ్' అంటే, 'మానేసి ఆ చోట ఏం పెట్టమంటారు?' అని అడగండి. దానికి సరైన జవాబు లేకపోతే ఆ సలహాని గుమ్మం దగ్గరే ఆపెయ్యవచ్చు.

ఆఖరుగా హీలీ మాట ఇంకొకటి. ఆవిడ 1991లో ఒక వైద్యపత్రికలో రాసిన వ్యాసానికి 'యెంట్ల్' పేరు పెట్టింది. యెంట్ల్ ఒక యూదుల కథలో అమ్మాయి. చదువుకోవడం కోసం మగవేషం వేస్తుంది. ఆడదాని గుండెజబ్బు కూడా మగవాడి జబ్బులాగే కనిపిస్తే తప్ప డాక్టర్లు దానికి సమానంగా వైద్యం చెయ్యడం లేదని ఆవిడ వాదన. ఆడవాళ్ళకీ గుండెపోటులో ఛాతీ నొప్పే ముఖ్య లక్షణం. కాకపోతే దాంతోపాటు ఆయాసం, వికారం, వీపులోనో దవడలోనో నొప్పి, కారణం తెలియని నీరసం మగవాళ్ళకంటే ఎక్కువగా కనిపిస్తాయి. వాటిని గ్యాస్ అనీ, పని ఎక్కువైందనీ సరిపెట్టుకునేది మొట్టమొదట మనమే. నెలసరి ఆగిపోయాక ఈ ముప్పు పెరుగుతుంది. ప్రపంచంలో ఆడవాళ్ళని అన్నిటికంటే ఎక్కువగా బలి తీసుకుంటున్నవి గుండె, రక్తనాళాల జబ్బులే.

పోర్ట్‌లండ్ సభకి అరవై ఏళ్ళు దాటాయి. మనిళ్ళల్లో ఆ సభ ఇంకా ముగిసినట్టు లేదు. ఆయనకి నూనె లేని కూర, మావగారికి ఉప్పు తగ్గించిన పప్పు విడివిడిగా వండి, తనకి మాత్రం రాత్రి మిగిలిన అన్నమూ, పిల్లలు వదిలేసిన పూరీ చాలనుకునే ఇల్లాలు ఏ వీధిలో లేదు? ఇంట్లో ఎవరి బి.పి. ఎంతో, ఎవరి కొలెస్ట్రాల్ ఎంతో మీకు కంఠతా వచ్చు. ఏ బిళ్ళ ఎవరికి పొద్దున వెయ్యాలో, ఏది రాత్రి వెయ్యాలో నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

మరి మీ అంకెలెంత?