సిటీ కాలేజీ కుర్రాళ్లు ఏలిన నగరం

1950 మార్చి 28 రాత్రి న్యూయార్క్‌లోని మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్ కిక్కిరిసిపోయింది. సిటీ కాలేజీ జట్టు 71–68తో బ్రాడ్లీ యూనివర్సిటీని ఓడించి కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఎన్‌సీఏఏ కప్పు ఎత్తుకుంది. అంతకు పది రోజుల ముందే అదే హాల్లో, అదే బ్రాడ్లీ మీద గెలిచి ఎన్‌ఐటీ టోర్నమెంటు కప్పునూ సొంతం చేసుకుంది. ఒకే ఏడాది ఆ రెండూ గెలిచిన కాలేజీ అంతకుముందు లేదు, ఆ తర్వాతా రాలేదు. ‘అల్లగరూ, గరూ, గరా’ అన్న కాలేజీ కేక ఆ వారమంతా నగరంలో మారుమోగింది.

అమెరికాలో పెద్ద నగరాలకు కాలేజీ బాస్కెట్‌బాల్ అంటే పెద్దగా పట్టదన్న మాట ఈనాడు అందరూ ఒప్పుకున్నదే. ఎన్‌సీఏఏ టోర్నమెంటు జరిగే మార్చి వస్తే కెంటకీలోని లెక్సింగ్టన్, కాన్సాస్‌లోని లారెన్స్, నార్త్ కరోలినాలోని డర్హమ్ లాంటి ఊళ్లు ఊగిపోతాయి. న్యూయార్క్, షికాగో మాత్రం ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలోని తమ జట్ల కబుర్లలో మునిగి ఉంటాయి. కారణం అడిగితే చాలామంది ఒకే జవాబు చెబుతారు. ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాళ్లు పక్క వీధిలో ఆడుతుంటే విద్యార్థుల ఆట ఎవరు చూస్తారు అని. ఈ జవాబులో సగమే నిజముంది. ఎందుకంటే 1950లో సిటీ కాలేజీ గెలిచినప్పటికే న్యూయార్క్‌లో ప్రొఫెషనల్ జట్టు నిక్స్ ఉంది. గార్డెన్‌లో కాలేజీ మ్యాచ్‌లకే తేదీలు సరిపోక, నిక్స్ తమ సొంత మ్యాచ్‌లు చాలావాటిని లెక్సింగ్టన్ అవెన్యూలో సైనిక దళం వాడుకునే ఆర్మరీ భవనంలో ఆడుకోవాల్సి వచ్చేది. అలాంటి నగరం కాలేజీ జట్లను ఎలా వదులుకుందన్నదే అసలు కథ.

1891 డిసెంబరులో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను మొదలుపెట్టాడు. కొన్నేళ్లకే అది న్యూయార్క్ వలస కుటుంబాల పేటల్లో పాతుకుపోయింది. పెద్ద మైదానం అక్కర్లేదు, ఖరీదైన సామాను అక్కర్లేదు, ఒక బంతి ఉంటే పదిమంది ఆడుకోవచ్చు. ఇరుకు ఇళ్లలో పెరిగిన యూదు, ఇటాలియన్, ఐరిష్ పిల్లలకు, ఆ తర్వాత హార్లెమ్‌లోని నల్లజాతి పిల్లలకు అది తమ ఆట అయింది. ఆ పిల్లలే పెద్దయి ఊళ్లోని కాలేజీల్లో చేరారు. సబ్‌వే రైలెక్కి క్లాసుకు వెళ్లి, సాయంత్రం జిమ్‌లో ఆడి, రాత్రికి ఇల్లు చేరేవాళ్లు.

ఆ ఆటను చిన్న జిమ్‌లనుంచి పెద్ద హాలుకు తెచ్చినవాడు నెడ్ ఐరిష్ అనే పత్రికా విలేకరి. 1931లో, మాంద్యం రోజుల్లో, నిరుద్యోగుల సహాయనిధి కోసం మేయర్ జిమ్మీ వాకర్ కోరిక మీద గార్డెన్‌లో కాలేజీ మ్యాచ్‌లు పెడితే హాలు నిండిపోయింది. ఐరిష్ దాన్ని గమనించాడు. 1934 డిసెంబరు 29న గార్డెన్‌ను అద్దెకు తీసుకుని ఒకే టికెట్టు మీద రెండు మ్యాచ్‌లు పెట్టాడు. 16 వేలమందికి పైగా వచ్చారు. న్యూయార్క్ యూనివర్సిటీ నోట్రడామ్‌ను 25–18తో ఓడించింది. ఇప్పటి కళ్లకు ఆ స్కోరు ఒక క్వార్టర్‌ది అనిపిస్తుంది, కానీ అక్కణ్నుంచి దేశంలోని మంచి జట్లన్నీ గార్డెన్ బాట పట్టాయి. రెండేళ్ల తర్వాత స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చిన హ్యాంక్ లూయిసెట్టి ఒంటిచేత్తో షాట్లు వేసి, 43 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగని లాంగ్ ఐలాండ్ యూనివర్సిటీని మట్టికరిపించాడు. రెండు చేతులతో నిలబడి షాటు వేయడమే పద్ధతి అనుకున్న కోచ్‌లు కంగుతిన్నారు. 1938లో నగరంలోని బాస్కెట్‌బాల్ విలేకరుల సంఘం ఎన్‌ఐటీ టోర్నమెంటు మొదలుపెట్టింది. ఎన్‌సీఏఏ టోర్నమెంటు పుట్టింది ఆ మరుసటి ఏడాది. 1943 నుంచి 1950 దాకా, ఒక్క 1949 తప్ప, ఎన్‌సీఏఏ ఫైనల్ కూడా గార్డెన్‌లోనే జరిగింది. కాలేజీ బాస్కెట్‌బాల్‌కు రాజధాని అంటే అప్పట్లో న్యూయార్కే.

ఆ రాజధానికి ముద్దుబిడ్డ సిటీ కాలేజీ. 1847లో పెట్టిన ఆ కాలేజీలో అప్పట్లో ఫీజు ఉండేది కాదు. పేదింటి పిల్లలకు, ముఖ్యంగా యూదు వలస కుటుంబాల పిల్లలకు, పెద్ద చదువు అందించిన చోటు అది. 1950 జట్టులో మొదటి ఐదుగురిలో ఎడ్ వార్నర్, ఫ్లాయిడ్ లేన్ నల్లవాళ్లు. ఎడ్ రోమన్, అల్ రాత్, ఇర్విన్ డాంబ్రాట్ యూదులు. అందరూ నగరపు ప్రభుత్వ హైస్కూళ్లలో చదివినవాళ్లే. కోచ్ నాట్ హోల్మన్ కూడా న్యూయార్క్ పేటల్లో పెరిగినవాడే. ఎన్‌ఐటీలో వాళ్లు అడాల్ఫ్ రప్ కోచింగ్‌లోని కెంటకీని 89–50తో ఓడించారు. అప్పటికి వరసగా రెండేళ్లు ఎన్‌సీఏఏ ఛాంపియన్‌గా ఉన్న జట్టు అది, అందులో అందరూ తెల్లవాళ్లే. ఆ 39 పాయింట్ల తేడా హార్లెమ్‌లో, బ్రాంక్స్‌లో ఎంత ఆనందం పంచి ఉంటుందో ఊహించుకోవచ్చు. అది బాస్కెట్‌బాల్ గెలుపు మాత్రమే కాదు, తమ పేటల పిల్లలు దేశం ముందు తలెత్తుకున్న రోజు. నగరానికీ జట్టుకూ మధ్య ఉన్నది రక్తసంబంధం లాంటిదని నేనంటాను.

ఏడాది తిరక్కుండానే అది తెగిపోయింది.

గార్డెన్ చుట్టూ పందేల రాయుళ్లు మొదటినుంచీ ఉన్నారు. పందెం ఎవరు గెలుస్తారన్న దాని మీద కాదు, ఎంత తేడాతో గెలుస్తారన్న దాని మీద. ఒక జట్టు పది పాయింట్లతో గెలుస్తుందని బుకీలు లెక్క కట్టారనుకోండి. ఆరు పాయింట్లతోనే గెలిస్తే ఎదుటి వైపు కాసినవాడికి డబ్బు వస్తుంది. అంటే ఆటగాడు తన జట్టును ఓడించక్కర్లేదు. ఒక పాసు ఆలస్యం చేసినా, ఒక షాటు కాస్త గురి తప్పినా చాలు. దీన్నే పాయింట్ షేవింగ్ అన్నారు. మేం ఓడిపోవట్లేదు కదా అని మనసుకు సర్దిచెప్పుకోవడం ఆ కుర్రాళ్లకు తేలికైంది. వాళ్ల ఆట చూడటానికి టికెట్టు కొన్నవాళ్లతో హాలు నిండుతోంది, కాలేజీకీ గార్డెన్‌కూ డబ్బు వస్తోంది, ఆడేవాడి చేతికి మాత్రం చిల్లిగవ్వ లేదు. ఈ అన్యాయం కళ్లెదుట ఉండగా, సాల్వటోర్ సొలాజో అనే నగల వ్యాపారి వెయ్యి డాలర్ల చొప్పున చూపిస్తే కొందరు చేయి చాచారు.

1951 జనవరిలో మాన్‌హాటన్ కాలేజీ ఆటగాడు జూనియస్ కెలాగ్‌కు వెయ్యి డాలర్లు ఇస్తామని కబురొచ్చింది. ఆ కాలేజీ జట్టులో ఆడిన మొదటి నల్లవాడు అతను, పేద కుటుంబం. అతను నేరుగా కోచ్‌కు చెప్పాడు. విషయం డిస్ట్రిక్ట్ అటార్నీ ఫ్రాంక్ హోగన్ దాకా వెళ్లింది. ఈ మొత్తం కథలో నాకు అందరికంటే ఎత్తుగా కనిపించే మనిషి కెలాగే. తర్వాత అతను హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్‌తో ఆడుతున్న రోజుల్లో, 1954లో, కారు ప్రమాదంలో కాళ్లూ చేతులూ చచ్చుబడితే, చక్రాల కుర్చీ బాస్కెట్‌బాల్‌కు కోచ్‌గా మారి చాలామందికి దారి చూపాడు.

ఫిబ్రవరి 18న సిటీ కాలేజీ జట్టు ఫిలడెల్ఫియాలో టెంపుల్ యూనివర్సిటీ మీద గెలిచి రైల్లో తిరిగొస్తుంటే, పెన్ స్టేషన్‌లో వార్నర్, రోమన్, రాత్‌లను పోలీసులు పట్టుకున్నారు. ఫ్లాయిడ్ లేన్ పేరు అప్పటికి బయటికి రాలేదు. విద్యార్థులు ‘మా లేన్ మచ్చలేనివాడు’ అని అతన్ని భుజాలకెత్తుకున్నారు. కొన్ని రోజులకే అతనూ అరెస్టయ్యాడు. తీసుకున్న డబ్బును ఇంట్లో పూలకుండీలో దాచానని ఒప్పుకున్నాడు. సిటీ కాలేజీలో కొందరి హైస్కూలు మార్కులు దిద్ది సీటిచ్చారన్న సంగతీ విచారణలో బయటపడింది. లాంగ్ ఐలాండ్ ఆటగాడు షెర్మన్ వైట్ అప్పుడు దేశంలోనే అందరికన్నా ఎక్కువగా పాయింట్లు చేస్తున్నవాడు. నిక్స్ జట్టుకు అతనే రేపటి ఆశ. అతను రైకర్స్ ఐలాండ్ జైల్లో ఎనిమిది నెలలకు పైగా ఉన్నాడు. ఎన్‌బీఏ అతనికి ఎప్పటికీ తలుపు తెరవలేదు. మొత్తం ఏడు కాలేజీలకు చెందిన 32 మంది ఆటగాళ్లు 86 మ్యాచ్‌లలో తేడాలు మార్చినట్టు లెక్క తేలింది. తీర్పు చెప్పిన జడ్జి సాల్ స్ట్రైట్ కుర్రాళ్లతో ఆగలేదు, ఆటను వ్యాపారం చేసిన కాలేజీలనూ తప్పుబట్టాడు.

ఇక్కడే రెండు ఊళ్లను పక్కపక్కన పెట్టి చూడాలి. నా ఆటగాళ్ల దరిదాపులకు కూడా జూదగాళ్లు రాలేరని రప్ గొప్పగా చెప్పుకున్న కొద్ది నెలలకే, కెంటకీ మేటి ఆటగాళ్లు అలెక్స్ గ్రోజా, రాల్ఫ్ బియర్డ్ కూడా దొరికిపోయారు. ఎన్‌సీఏఏ కెంటకీని 1952–53 సీజన్ మొత్తం ఆడనివ్వలేదు. అయినా లెక్సింగ్టన్ తన జట్టును వదల్లేదు, ఓపిగ్గా కాచుకుని కూర్చుంది. మరుసటి సీజన్‌లో కెంటకీ 25 మ్యాచ్‌లు ఆడి 25 గెలిచింది. ఆ పట్నానికి వేరే జట్టు లేదు, ఆ రాష్ట్రానికి వేరే జెండా లేదు. న్యూయార్క్‌కు మాత్రం ఉంది. అరెస్టులు జరిగిన రెండు నెలలకే నిక్స్ ఎన్‌బీఏ ఫైనల్స్‌లో ఏడో మ్యాచ్ దాకా పోరాడారు. 1952, 1953లలో మళ్లీ ఫైనల్స్‌కు వెళ్లారు. మూడుసార్లూ ఓడినా, మోసపోయిన అభిమానికి చేరుకోవడానికి ఒక చోటు దొరికింది. తప్పు రెండు చోట్లా ఒకటే అయినా వేరే దారి ఉన్న ఊరు మాత్రమే మళ్లిపోయింది. ప్రొఫెషనల్ జట్టు ఉండటం వల్ల పెద్ద నగరం కాలేజీ ఆటను మరిచిందన్న మాటలో సగం నిజం ఉందని నేనన్నది ఇందుకే.

మిగతా సగానికి బాధ్యత కాలేజీలదే. లాంగ్ ఐలాండ్ ఆటనే మూసేసి 1957 దాకా తెరవలేదు. సిటీ కాలేజీ గార్డెన్ వైపు చూడనని ఒట్టుపెట్టుకుని చిన్న కాలేజీల పోటీల్లోకి తగ్గిపోయింది, ఇప్పటికీ మూడో డివిజన్‌లోనే ఆడుతోంది. 1934లో గార్డెన్‌లో గెలిచిన న్యూయార్క్ యూనివర్సిటీ 1971లో పెద్ద పోటీల నుంచి తప్పుకుంది. ఎన్‌సీఏఏ ఫైనల్ 1951లో మినియాపొలిస్‌కు, తర్వాత సియాటిల్‌కు, కాన్సాస్ సిటీకి వెళ్లింది, మళ్లీ గార్డెన్‌కు రాలేదు. ఎన్‌ఐటీ వెలుగూ తగ్గుతూ వచ్చింది. 1970లో మార్క్వెట్ యూనివర్సిటీ కోచ్, న్యూయార్క్ బిడ్డ అల్ మెక్‌గ్వైర్, ఎన్‌సీఏఏ పిలుపును కాదని ఎన్‌ఐటీకొచ్చి గెలిచి పాతరోజులను ఒకసారి గుర్తుచేశాడు. చివరికి 2005లో ఎన్‌సీఏఏ ఆ టోర్నమెంటునే కొనేసింది. కళంకం వచ్చినప్పుడు కడుక్కుని నగరం ముందు నిలబడాల్సింది పోయి, న్యూయార్క్ కాలేజీలు ఇంటి తలుపులు వేసుకున్నాయి. నాకు ఇదే ఎక్కువ బాధగా ఉంటుంది.

అభిమానం కాలేజీ జట్లదేనని ఎన్‌బీఏకు బాగా తెలుసు. 1949 నుంచి 1965 దాకా లీగ్‌లో ‘టెరిటోరియల్ పిక్’ అనే నియమం ఉండేది. ఊరి దగ్గరి కాలేజీలో పేరు తెచ్చుకున్న ఆటగాణ్ని ఆ ఊరి ప్రొఫెషనల్ జట్టు ముందుగా తీసుకోవచ్చు. బోస్టన్ సెల్టిక్స్ 1956లో హోలీ క్రాస్ నుంచి టామ్ హైన్సన్‌ను, సిన్సినాటి 1960లో తమ ఊరి యూనివర్సిటీ నుంచి ఆస్కార్ రాబర్ట్‌సన్‌ను అలాగే తెచ్చుకున్నాయి. కాలేజీ వెంట వచ్చే జనాన్ని అరువు తెచ్చుకోవడమే దాని ఉద్దేశం. ఆ అవసరం తీరిపోయాక నియమాన్ని ఎత్తేశారు.

లాస్ ఏంజెలస్ మరో సంగతి చెబుతుంది. 1960లో ఎన్‌బీఏ జట్టు లేకర్స్ ఆ నగరానికి వచ్చాక కూడా, జాన్ వుడెన్ కోచింగ్‌లో యూసీఎల్‌ఏ 1964 నుంచి 1975 దాకా పది కప్పులు గెలిచింది. రెండింటికీ జనం ఉన్నారు. షికాగో తీరు వేరు. రే మేయర్ కోచింగ్‌లో డిపాల్ యూనివర్సిటీ 1979లో ఎన్‌సీఏఏ చివరి నాలుగు జట్ల పోటీ అయిన ఫైనల్ ఫోర్‌కు వెళ్లినప్పుడు నగరం వాళ్లదే. మరుసటి ఏడాది జట్టు నగరం వదిలి శివారులోని రోజ్‌మాంట్ హాలుకు మారింది, 1984లో మైకేల్ జోర్డన్ నగరపు ఎన్‌బీఏ జట్టు బుల్స్‌కు వచ్చాడు. డిపాల్ తిరిగి నగరంలోకి వచ్చి ఆడింది 2017లో, అప్పటికి ఆ అభిమానుల తరమే మారిపోయింది.

చిన్న ఊళ్ల బలం వేరే తీరుగా ఉంటుంది. లారెన్స్ జనాభా లక్ష లోపు. అక్కడ కాన్సాస్ యూనివర్సిటీ ఆడే అలెన్ ఫీల్డ్‌హౌస్‌లో పదిహేను వేలమందికి పైగా పడతారు. డర్హమ్‌లో డ్యూక్ విద్యార్థులు సీటు కోసం హాలు బయట గుడారాలు వేసుకుని వారాల తరబడి చలిలో ఉంటారు. ఆ ఊళ్లలో చదువుకున్న తెలుగు పిల్లలు ఉద్యోగాల కోసం న్యూజెర్సీకో డాలస్‌కో వెళ్లాక కూడా కాన్సాస్ జట్టు గుర్తైన జేహాక్ బొమ్మ చొక్కా, డ్యూక్ నీలం టోపీ దాచుకుంటారు. పెద్ద నగరం చిక్కు ఇదే. అక్కడ ప్రతివాడూ వేరే కాలేజీ నుంచి వచ్చినవాడు. ఎవరి జట్టు వాళ్ల మనసులో ఉంటుంది, ఊరందరికీ ఉమ్మడిగా మిగిలేది నిక్స్ లాంటిదే.

అయినా న్యూయార్క్ మనసు మొద్దుబారిపోలేదు. 1985లో ఈస్ట్ హార్లెమ్‌లో ఇటాలియన్ కిరాణా కొట్టు నడిపిన దంపతుల కొడుకు లూ కార్నెసెక్కా కోచ్‌గా, బ్రూక్లిన్ కుర్రాడు క్రిస్ మలిన్ ఆటగాడిగా సెయింట్ జాన్స్ ఫైనల్ ఫోర్‌కు చేరింది. నిక్స్ ఆ ఏడాది 82 మ్యాచ్‌లలో 24 మాత్రమే గెలిచారు. గార్డెన్ మళ్లీ కాలేజీ కేకలతో నిండింది. తర్వాత చాలాకాలం మసకబారిన ఆ జట్టు, 2025లో రిక్ పిటినో శిక్షణలో 1985 తర్వాత మొదటిసారి బిగ్ ఈస్ట్ అనే తమ కాలేజీల లీగ్ సీజన్ టైటిల్‌ను ఎవరితోనూ పంచుకోకుండా గెలిచింది. మార్చి 15న గార్డెన్‌లో క్రైటన్‌ను 82–66తో ఓడించి, 2000 తర్వాత తొలిసారి బిగ్ ఈస్ట్ టోర్నమెంటు కప్పూ తీసుకుంది. ఈసారి నిక్స్ బలహీనంగా లేరు, అదే వసంతంలో వాళ్లు ఈస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్స్ ఆడారు. హాలు రెండింటికీ నిండింది. పిటినో మాన్‌హాటన్‌లో పుట్టినవాడు, ఆ జట్టులో ఆటను నడిపించినవాళ్లలో కడారీ రిచ్‌మండ్ బ్రూక్లిన్‌వాడు.