బాలింత మేని పూతలు

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, ఆ శతాబ్ది ముగియుచుండగా ఖరగ్‌పూరును కూడలిగా చేసికొని, 1904 నాటికి అచ్చట గొప్ప కర్మశాలను నడపసాగినందున, గంజాము, విశాఖపట్టణ మండలముల నుండి కొలువులకై తరలివెళ్లిన తెలుగువారు ఝపటాపూర్ మొదలగు పేటలలో స్థిరపడి, తమ మాటతోపాటు పురిటింటి ఆచారములను గూడ వంగదేశమునకు కొనిపోయిరి.

బాలింతకు నువ్వులనూనెతో ఒళ్లు మర్దించి, పసుపు కలిపిన పెసరపిండితో నలుగుపెట్టి, కాగిన నీళ్లు పోసి, తడి తల విరియబోసి సాంబ్రాణి పొగ వేయుట వానిలో ముఖ్యము. వీనియన్నింటికంటె నాకు గౌరవపాత్రముగా తోచునది మఱియొకటి: బిడ్డను రొమ్మునకు అందించుటకు ముందు, గోరువెచ్చని నీట తడిపిన మెత్తని గుడ్డతో చనుమొన తుడిచికొమ్మని ఇంటి పెద్దలు చెప్పు మెలకువ. తల్లి మేనికి పూసినది బిడ్డ నోటికి చేరునను ఎఱుక దానిలో కలదు.

ఈ ఎఱుక లోపించినచోట ఎంతటి అనర్థము వాటిల్లునో జపానుదేశము చూచినది. అచ్చటి స్త్రీలు ముఖమునకును మెడకును పూసికొను తెల్లని పొడిలో సీసము ఉండెడిది. మెదడువాపును పోలిన వ్యాధితో చంటిబిడ్డలు మరణించుచుండ, కారణమెఱుగక వైద్యులు చిరకాలము తల్లడిల్లిరి. తుదకు 1923లో క్యోటో విశ్వవిద్యాలయపు శిశువైద్యుడు హిరాయ్ ఇకుతారో, అది సీసవిషమనియు, తల్లుల ముఖచూర్ణమే దానికి మూలమనియు నిరూపించెను.

పెద్దల వాడుకలన్నియు నిర్దోషములని నేననను. ఆముదపు దీపమసితో ఇంట పట్టిన కాటుక వేఱు, సీసపురాతిని నూఱి అంగడిలో అమ్ము సుర్మా వేఱు. కొమ్ములు దంచిన పసుపు వేఱు, రంగునకై సీసపు క్రోమేటు కలిపిన విడిపొడి వేఱు. పొరుగున బంగ్లాదేశములో 2019 ప్రాంతమున పరిశోధకులు ఈ కల్తీని బయటపెట్టిరి. ఇక మేనిచాయ మార్చునను క్రీములలో పాదరసము చేర్చుటనే, పాదరసమును అరికట్టుటకై దేశములు చేసికొనిన మినమాటా ఒడంబడిక నిషేధించినది. ఇట్టి క్రీములను, చర్మము ద్వారా రక్తమున మెండుగా ప్రవేశించు, చాయ తేల్చు మందైన హైడ్రోక్వినోనును, ఘాటైన స్టెరాయిడు పూతలను పాలిచ్చునంతకాలము విడుచుట మేలు. స్టెరాయిడు అవసరమే పడెనేని వైద్యుని అడిగి తేలికపాటిదానినే రాయవలెను. అది రొమ్ముపై పూసినదైనచో పాలిచ్చుటకు ముందు తుడిచివేయవలెను.

సువాసన చేర్చని సాధారణపు క్రీములు చేతులకు, కాళ్లకు రాచికొనినచో పాలలోనికి పోవునది అత్యల్పము. చనుమొన పగిలినపుడు, శుద్ధిచేసిన లానోలిను, అనగా గొఱ్ఱె ఉన్ని నుండి తీసిన కొవ్వు, పలుచగా రాయవచ్చును. దానిని తుడువకయే బిడ్డకు పాలీయవచ్చును.