అణాలో పావు పైసా

1957 ఏప్రిల్ 1, సోమవారం. కోవిల్పట్టి అప్పటికి మద్రాసు రాష్ట్రంలో, తిరునెల్వేలి జిల్లాలో ఉంది. నల్లరేగడి నేల, అగ్గిపెట్టెల ఊరు, తమిళంతో పాటు అరుగుల మీద తెలుగూ వినబడే ఊరు. ఒక వాకిట్లో అవ్వ, పక్కన బడి నుంచి వచ్చిన మనవరాలు. పలచటి చెక్క మడిచి, నీలం కాగితానికి గంజి రాసి అంటిస్తున్నారు.

ఈ అవ్వ ఫలానా మనిషి కాదు. అలా పెట్టెలు అంటించి బతుకు వెళ్లదీసిన ఎందరో ఆడవాళ్లను తలచుకుని నేను అల్లుకున్న మనిషి. ఆమె చేతికొచ్చిన లెక్క మాత్రం అక్షరాలా సర్కారు వేసిందే.

అణాకు 12 పైలు. గ్రోసుకు 12 డజన్లు. కూలి డజనుకు ఒక పై అనుకుంటే గ్రోసుకు సరిగ్గా అణా. నాలుగు వేళ్లకు మూడేసి కణుపులు, బొటనవేలు జరుపుకుంటూ పోతే చాలు. చదువు రాని అవ్వకూ లెక్క తెగిపోయేది.

సాయంత్రం లెక్కలు చూసే కణక్కుపిళ్ళై గ్రోసు లెక్కపెట్టుకుని ఆరు నాణేలు ఆమె అరచేతిలో పోశాడు. కంచువి, 16 మిల్లీమీటర్ల వెడల్పు. ఆమె ఎరిగిన చిల్లికాణీ ఇంతకంటే పెద్దది, దారానికి గుచ్చి దాచుకోవచ్చు. వీటికి చిల్లూ లేదు. మీద హిందీలో ‘రూపాయిలో నూరో భాగం’ అని ఉంది. అది ఆమెకు చదివి చెప్పేవాళ్లెవరు?

“ఇదేంది అయ్యా, ఆరేనా?”

“అణాకు ఆరు నయాపైసలు పాట్టీ. పట్టికలో అంతే ఉంది.”

పట్టికలో అంతే ఉంది, నిజమే. 1955లో చేసిన చట్టం ఆ రోజే అమల్లోకి వచ్చింది. 16 అణాల రూపాయి 100 నయాపైసలైంది. అంటే అణాకు ఆరుంపావు. పావు పైసాకు నాణెం లేదు. అందుకని అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అన్నారు. పావలా దగ్గరికొస్తేగాని లెక్క కలవదు. గ్రోసు గ్రోసుకూ కూలి తీసుకుంటే నాలుగింటికి 24. అణా సరుకు కొన్నప్పుడు ఆ పావు కొన్నవాడికే మిగులుతుంది, కాదనను. కానీ రూపాయల్లో జీతం అందుకునేవాడికి ఈ మార్పులో చిల్లిగవ్వ తరగలేదు. అణాల్లో కూలి తెచ్చుకునేవాళ్లకే తరిగింది. నాకు బాధ అక్కడే.

రూపాయిని నూరుగా లెక్కించే పద్ధతి మంచిదే. తూత్తుకుడి రేవుకు అవతల, సింహళంలో, 1872 నుంచే రూపాయికి నూరు సెంట్లు. బ్రిటన్ మాత్రం 1971 దాకా మారలేదు. మన దగ్గర పాత అణాలు వెంటనే పోలేదు, కొన్నేళ్లు కొత్తవాటితో కలిసే తిరిగాయి. 1964 జూన్ 1న ‘నయా’ పోయి పైసా మిగిలింది.

మనవరాలు పలక మీద ఆరు నాలుగుసార్లు వేసి కూడింది. “అవ్వా, రోజూ తీసుకోవద్దు. నాలుగు గ్రోసులయ్యాక ఒక్కసారే తీసుకో, ఇరవై అయిదొస్తాయి.”

అంటే మూడు రోజులు కొట్లో అప్పు చెప్పాలి. అవ్వ కాసేపు నాణేలవంక చూసింది. తర్వాత ఒక్కొక్కటే తీసి ఆయన పెట్టె మీద పెట్టింది.

“రాసుకో అయ్యా. బేస్తవారం పావలా ఇయ్యి.”