ఔషధ విద్యకు తొలి పీఠము

వైద్యుడెంతటి నిపుణుడైనను మందు కల్తీయైనచో రోగికి రక్షణ లేదు. పూర్వము మన దేశమున మందులు కలుపువారికి చెన్నపురివంటి చోట్ల చిన్న తరగతులుండెనే గాని విశ్వవిద్యాలయ పట్టము లేదు. 1930లో నియమింపబడిన చోప్రాగారి సంఘము కల్తీ మందుల బెడదను విచారించి, ఈ లోపమును ఎత్తిచూపెను.

1932లో మాలవీయ పండితుని కాశీ విశ్వవిద్యాలయమున మహాదేవలాల్ ష్రాఫ్‌గారు ఈ బోధన నారంభించిరి. 1937లో అది మూడేండ్ల పట్టవిద్య యయ్యెను. 1939లో వారు ఔషధశాస్త్ర పత్రికను స్థాపించిరి. శిష్యులు పలువురు తామును అధ్యాపకులైరి. 1948లో ఔషధవృత్తికి చట్టము వచ్చెను. 1951లో మన వాల్తేరునను ఈ విద్య వెలసెను.

భవనము విద్యాలయము కాదు. గురువును మించు శిష్యుడు కలిగిననాడే అది నిలుచును. మందుపొట్లము విప్పునపుడు ఆ గురువులనొకసారి తలంతుముగాక!