వేట మాంసపు సంచి

వేట మాంసపు సంచి లేదా గేమ్ బ్యాగ్ అనునది అడవిలో వేటాడిన పెద్ద జంతువు మాంసాన్ని చల్లార్చుటకు, ఈగలు, దుమ్ము తగలకుండా కాపాడుటకు, వాహనం వద్దకు మోసుకొని వచ్చుటకు ఉపయోగించే గాలి ఆడే గుడ్డ సంచి. ఉత్తర అమెరికాలో ఎల్క్, మూస్, కారిబూ వంటి జంతువులను వేటాడేవారు వీటిని వాడతారు. ఈ వ్యాసం ముఖ్యంగా ఎల్క్ మాంసానికి తగిన సంచిని ఎంచుకొనుట గురించినది. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇటువంటి వేట నిషిద్ధం కనుక ఈ వస్తువు మనకు అంతగా పరిచయం లేదు.

ఎల్క్ మాంసం, దాని బరువు

ఎల్క్ జింక కుటుంబంలో మూస్ తరువాత చెప్పుకోదగిన భారీ జంతువు. దీనికి వాపిటి అని మరొక పేరు కలదు. ఐరోపాలో ఎల్క్ అంటే మూస్ అని అర్థం కనుక పాఠకులు ఈ రెండింటినీ ఒకటిగా భావించరాదు. రాకీ పర్వతాలలోని ఎదిగిన మగ ఎల్క్ సుమారు 320 కిలోలు, ఆడది సుమారు 225 కిలోలు తూగుతుంది. తల, చర్మం, పేగులు, ఎముకలు పోగా పెద్ద మగ జంతువు నుండి సుమారు 80 నుండి 110 కిలోల మాంసం లభిస్తుంది.

కొండదారిలో ఒక మనిషి ఒకసారికి 30 కిలోలు మోయగలడనుకుంటే మూడు నాలుగు రాకపోకలు తప్పవు. వేట స్థలం రహదారికి ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉంటే మాంసంలో కొంత భాగం మరునాటి వరకు అడవిలోనే ఉండిపోతుంది. మోసేవాడు తిరిగి వచ్చే వరకు దానిని కాపాడవలసినది ఈ సంచియే.

మాంసం చెడిపోవుటకు కారణాలు

చనిపోయిన జంతువు శరీరంలో మొదట 38 నుండి 39 డిగ్రీల సెల్సియస్ వేడి ఉంటుంది. ఎల్క్ చర్మం దట్టమైన బొచ్చుతో కంబళి వలె ఆ వేడిని పట్టి ఉంచుతుంది. వెనుక తొడలో తుంటి కీలు చుట్టూ ఉన్న మాంసం అన్నింటికంటే ఆలస్యంగా చల్లారుతుంది. అక్కడ సూక్ష్మజీవులు పెరిగి, పైకి మంచిగా కనిపించే తొడ కూడా ఎముక దగ్గర కుళ్ళు వాసన వేస్తుంది. చర్మం వలవకుండా వదిలేస్తే చలికాలంలో కూడా ఇది జరుగవచ్చును. అందుచేత వెంటనే చర్మం వలిచి, ముక్కలుగా విడదీసి, సంచులలో వేసి నీడలో వ్రేలాడదీస్తారు. మాంసాన్ని వీలైనంత త్వరగా 4 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు చల్లబరచవలెను.

గుడ్డ గుండా గాలి ఆడినప్పుడు మాంసం పైతడి ఆవిరై, ఆ ఆవిరితో పాటు వేడి కూడా పోతుంది. మన ఇళ్ళలో మట్టికుండలో నీరు చల్లబడేది ఈ పద్ధతిలోనే. తడి ఆరిన మాంసంపై పలుచని పొర కడుతుంది. ఆ పొరపై సూక్ష్మజీవులు త్వరగా పెరగవు, ఈగలు కూడా గుడ్లు పెట్టుటకు తడిగా ఉన్న చోటునే వెదుకుతాయి. ఈగ గుడ్లు వెచ్చని వాతావరణంలో ఒక రోజు లోపే పురుగులవుతాయి. కొలరాడోలో విల్లంబుల వేట సెప్టెంబరులో జరుగుతుంది. పగటి ఎండ వేడిగానే ఉండే ఆ నెలలో ఈగల బెడద ఎక్కువ.

చెత్త వేసే ప్లాస్టిక్ సంచులలో మాంసం మోయుట కొత్తవారు చేసే పెద్ద పొరపాటు. ప్లాస్టిక్ వేడిని, తడిని లోపలే బంధిస్తుంది. పైగా అటువంటి సంచులు ఆహారం కొరకు తయారైనవి కావు, కొన్నింటికి సువాసన ద్రవ్యాలు కూడా కలుపుతారు. మాంసాన్ని చల్లని వాగులో ముంచి ఉంచవలసి వచ్చినప్పుడు మాత్రం, తడి తగలకుండా శుభ్రమైన ప్లాస్టిక్ సంచిని కొంతసేపు వాడవచ్చును. బయటకు తీసిన వెంటనే తిరిగి గుడ్డ సంచిలోకి మార్చవలెను.

గుడ్డ రకాలు

చీజ్‌క్లాత్ అనే పలుచని వల వంటి నూలుగుడ్డ సంచులు అతి చవక. గాలి బాగా ఆడుతుంది కానీ, బరువుకు సాగినప్పుడు కన్నాలు పెద్దవై ఈగలు వాటి గుండా గుడ్లు పెడతాయి. కొమ్మ తగిలినా చినుగుతాయి. జింక వంటి చిన్న జంతువుకు, చలి వాతావరణంలో సరిపోవచ్చును గాని ఎల్క్ వంటి బరువుకు ఇవి తగినవి కావు.

మల్లు గుడ్డ లేక కాన్వాసు వంటి దట్టమైన నూలు సంచులు గట్టివి, ఉతికి మళ్ళీ మళ్ళీ వాడుకొనవచ్చును. రక్తాన్ని పీల్చుకుంటాయి. అయితే బరువు ఎక్కువ, తడిస్తే త్వరగా ఆరవు. గుర్రాలు, కంచర గాడిదలు ఉన్నవారికి ఈ బరువు లెక్కలోనిది కాదు.

నైలాన్, పాలిస్టర్ సంచులు వీపున మోసేవారికి అనుకూలం. ఒక ఎల్క్‌కు సరిపడే ఐదు సంచులు కలిపి అర కిలో ప్రాంతంలో తూగుతాయి. నేత సన్నగా ఉండి ఈగను ఆపుతుంది, త్వరగా ఆరుతుంది. ధర ఎక్కువ. కొనేటప్పుడు గుడ్డను నోటికి అడ్డుపెట్టి ఊది చూడవలెను. గాలి సులభంగా అవతలికి పోకపోతే అది ఎంత గట్టి గుడ్డ అయినా ఈ పనికి రాదు.

పరిమాణం, కుట్టు

రెండు తొడలు, రెండు జబ్బలు, వీపు కండలు, మెడ, పక్కటెముకల మాంసం కలిపి ఒక ఎల్క్‌కు సాధారణంగా ఐదారు సంచులు కావలెను. ఎముకతో ఉన్న వెనుక తొడ 25 నుండి 35 కిలోల వరకు తూగవచ్చును కనుక దానికి పొడవాటి సంచి అవసరం. ఎముక తీసిన మాంసానికి చిన్న సంచులే మేలు. పెద్ద సంచిలో కుక్కిన మాంసం ఒకే ముద్దగా మారి మధ్యలో వేడి నిలుస్తుంది. కంచర గాడిదపై ఇరువైపులా వ్రేలాడే బరువులు సమానంగా ఉండవలెను కనుక సంచులను తూచి జత చేస్తారు. అడుగు కుట్టు రెండు వరుసలుగా ఉన్నదో లేదో, మూతి త్రాడు బిగువుగా ముడిపడుతుందో లేదో ముందే చూచుకొనవలెను. తెల్లని లేక కొట్టొచ్చే రంగు సంచి చీకటిలో దీపం వెలుగుకు సులభంగా దొరుకుతుంది.

గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే వయోమింగ్, మోంటానా ప్రాంతాలలో సంచులను పేగులు పడవేసిన చోటికి దూరంగా, నేల నుండి కనీసం 3 మీటర్ల ఎత్తున కట్టవలెను. ఏ గుడ్డయూ ఎలుగుబంటిని ఆపలేదు.

చట్టపరమైన అంశాలు

అమెరికా రాష్ట్రాలలో ఎల్క్‌లు అత్యధికంగా ఉన్న కొలరాడోలో నాలుగు కాళ్ళ మాంసం, వీపు కండలు, నడుము లోపలి కండలు తినదగిన మాంసంగా పరిగణిస్తారు. వాటిని అడవిలో వృథాగా వదలుట నేరం. జంతువు ఆడదో మగదో తెలిపే భాగాన్ని మాంసానికి అంటిపెట్టి ఉంచవలెనన్న నియమం కూడా ఉన్నందున సంచిలో దానికి చోటు ఉంచుకొనవలెను.

1967లో కొలరాడోలో మొదటిసారి గుర్తించిన క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అను వ్యాధి జింక జాతుల మెదడును, వెన్నుపామును ఆశ్రయిస్తుంది. అందువల్ల పలు రాష్ట్రాలు వెన్నెముకను, తలను సరిహద్దు దాటనివ్వవు. ఈ కారణంగా ఎముకలు అక్కడే తీసివేసి మాంసం మాత్రమే తెచ్చే పద్ధతి పెరిగి, చిన్న సంచుల వాడకం కూడా హెచ్చింది.

వాడిన తరువాత

సంచులను మొదట చల్లని నీటిలో నానబెట్టవలెను. వేడినీరు పోస్తే రక్తపు మరక గుడ్డలో గట్టిపడుతుంది. వాసన లేని సబ్బుతో ఉతికి, ఎండలో పూర్తిగా ఆరిన తరువాతనే మడతపెట్టవలెను. తడి సంచి తరువాతి ఏడు వేటకు బూజు పట్టి ఉంటుంది.