కాగితపు మిల్లు లెక్కలో కాగజ్‌నగర్ కుటుంబం

ఒక పరిశ్రమ తన మనుగడ కోసం వేసుకున్న కాలపు లెక్క, దానిని నమ్ముకున్న కుటుంబాల ఆశలకూ గడువులకూ కొలమానంగా మారిన తీరు కాగజ్‌నగర్ చరిత్రలో కనిపించినంత స్పష్టంగా ఉత్తర తెలంగాణలో మరెక్కడా కనిపించదేమో. ఒకప్పుడు కొత్తపేటగా పిలిచిన ఈ ఊరు, నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు ఏర్పడి, 1942లో ఉత్పత్తి మొదలైన తరువాతనే పట్టణంగా ఎదిగింది. ఆదిలాబాద్ అడవుల వెదురు, పెద్దవాగు నీరు, బెల్లంపల్లి బొగ్గు, కాజీపేట–బల్లార్షా రైలు మార్గం అన్నీ అందుబాటులో ఉండడమే ఈ చోటును ఎంచుకోవడానికి కారణం. అయితే రిజర్వు అడవుల హద్దులు పోడు సేద్యాన్ని అడ్డుకోవడంతో తిరగబడిన గోండు నాయకుడు కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడని, మిల్లు రూపుదిద్దుకున్నది కూడా ఆ సంవత్సరాల్లోనేనని మరిచిపోరాదు. ఆ అడవిపై దీర్ఘకాలిక ప్రణాళిక వేసుకునే హక్కు ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నది ఈ చరిత్రలో విడదీయరాని భాగం.

కాగితం తయారీలో వెదురును ముక్కలు చేసి, రసాయనాలతో ఉడికించి గుజ్జుగా మార్చి, ఆ గుజ్జును యంత్రంపై పలుచని పొరగా పరచి ఆరబెడతారు. బాయిలరూ యంత్రమూ ఆగితే నష్టం పెద్దది కనుక పని మూడు షిఫ్టుల్లో రాత్రింబవళ్లు సాగుతుంది. నిరంతరం నడవవలసిన ఇటువంటి మిల్లుకు నిలకడగా పనిచేసే మనుషులు కావాలి, ఆ నిలకడే కార్మికుడి ఇంటికి భవిష్యత్తును ఊహించుకునే ధైర్యాన్ని ఇచ్చింది. హాజరుకాని వాడి స్థానంలో పనిచేసే బద్లీ కార్మికుడికి నాటి కూలి దొరకడమే గురి; పర్మినెంట్ అయినవాడి గురి మాత్రం ఏళ్ల దూరానికి సాగేది. ఉద్యోగీ యజమానీ నెలనెలా జమచేసే భవిష్యనిధికి 1952 నాటి చట్టం, కనీసం 8.33 శాతం బోనస్‌కు 1965 నాటి చట్టం, అయిదేళ్ల సర్వీసు దాటినవారికి ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున లెక్కగట్టే గ్రాట్యుటీకి 1972 నాటి చట్టం ఆధారమయ్యాయి. బోనస్ పండుగ ఖర్చును, భవిష్యనిధి ఇంటిని, బిడ్డ పెళ్లిని, గ్రాట్యుటీ ముసలితనాన్ని ఆదుకుంటాయన్న లెక్కతో ఇల్లు నడిచేది. బజారులోని దుకాణదారు కూడా అరువు ఖాతాను మిల్లు జీతాల రోజుకు సరిపెట్టుకునేవాడు. అతని సరుకు కొనుగోలు, అతని అప్పు తీర్చే గడువు, చివరికి అతని పిల్లల చదువు ఖర్చు కూడా ఆ తేదీ మీదనే ఆధారపడేవి.

ఈ పద్ధతి గౌరవప్రదమైన జీవితాలను నిర్మించిందనడంలో సందేహం లేదు. కాని ఒకే సంస్థకు ముడిపడిన లక్ష్యం ఆ సంస్థతోపాటే కూలుతుంది. ఇదే పట్టణంలో కృత్రిమ పట్టు తయారుచేసిన సర్‌సిల్క్ 1980ల్లో మూతపడినప్పుడే ఆ ప్రమాదం తెలిసివచ్చింది. 2014 సెప్టెంబరులో పేపర్ మిల్లు కూడా ఆగిపోవడంతో నెలజీతమే కాదు, దాని ఆధారంగా వేసుకున్న పదేళ్ల, ఇరవయ్యేళ్ల లెక్కలన్నీ ఒక్కసారిగా తలకిందులయ్యాయి. బాకీపడిన సంస్థను అప్పులవాళ్ల ఆమోదంతో కొత్త యాజమాన్యానికి అప్పగించే వీలు కల్పించిన 2016 నాటి దివాలా స్మృతి కింద, జేకే పేపర్ ప్రతిపాదనను హైదరాబాద్‌లోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ 2018 జులైలో ఆమోదించింది. రాష్ట్ర ప్రభుత్వ ప్రోత్సాహకాలతో మిల్లు తిరిగి తెరుచుకునే నాటికి దాదాపు నాలుగేళ్లు గడిచాయి. పదవీ విరమణకు చేరువైన కార్మికుడికి ఆ నాలుగేళ్లంటే సర్వీసులో మిగిలిన కాలమంతా కావచ్చు; మిల్లు తెరిచినా అతనికి తిరిగి రానివి అవే.